మార్చిలో మిగిలే తోట

జూన్ నుంచి నవంబరు దాకా అండమాన్ దీవుల్లోని మా డైరీ ఫార్మ్ పేటలో అందరి హస్తవాసీ మంచిదే. మందార కొమ్మ విరిచి గోడ పక్కన గుచ్చితే పక్షం తిరిగేసరికి చిగురు పెడుతుంది. వంటకి తుంచగా పారేసిన బచ్చలి కాడ కాలువ గట్టున పాకుతుంది. గుమ్మడి గింజ ఎవరు వేశారో కూడా తెలీదు, తీగ మాత్రం రేకుల కప్పు ఎక్కేస్తుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన ఈ ఊరి మీద పడుతుంది. విశాఖపట్నంలో కురిసేదానికి ఇంచుమించు మూడింతలు. ఆకాశమే అన్ని నీళ్లు పోస్తుంటే, తోట పెంచడానికి మనిషి స్వభావంతో పనేముంది?

ఆ పని మార్చిలో పడుతుంది.

జనవరి వచ్చేసరికి వాన ముఖం చాటేస్తుంది. ఫిబ్రవరి దాటాక ధనిఖారి జలాశయంలో నీళ్లెంత ఉన్నాయన్న మాట ఇంటింటా మొదలవుతుంది. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, ఎద్దడి ముదిరితే ఇంకా ఎడంగా వస్తుంది. డ్రమ్ములు, బిందెలు, పెయింటు బకెట్లు వరసగా గుమ్మం ముందుకొస్తాయి. వంటకి, స్నానాలకి, బట్టలకి పోగా మిగిలిన నీళ్లే మొక్కలకి. అప్పుడు మీరు చెంబు పట్టుకుని పెరట్లో నిలబడితే ఆ నీళ్లు అన్నిటికీ చాలవు. ఏదో ఒక మొక్క దగ్గరికి మీ కాళ్లు వాటంతటవే వెళ్తాయి.

మా వీధిలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన అప్ప ఒకామె ఉంది. నేను ఇక్కడికి వచ్చిన మొదటి వానాకాలంలో నా పెరడు చూసి అంది: "ఏటమ్మా, ఇప్పుడు సూసి మురిసిపోకు. మార్చిలో నీ సేతిలో సెంబు ఎటు పోతాదో సూడు. అదే నీ తోట." ఈ అధ్యాయంలో నేను చెప్పబోయేదంతా ఆ మాటలోనే ఉంది. దాన్ని నేను అర్థం చేసుకోవడానికి మూడేళ్లు పట్టింది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఆ మూడేళ్లూ గులాబీలతో గడిచాయి. పన్నెండు గులాబీ మొక్కలు మెయిన్‌ల్యాండ్ నుంచి తెప్పించుకున్నాను. పత్రికలో చూసిన తోట నా మనసులో ముద్ర పడిపోయింది: కత్తిరించిన పచ్చిక, చుట్టూ గులాబీలు, మధ్యలో నడవడానికి రాతిపలకలు. ఆ తోట నాకు నచ్చింది. నేను ఆ తోటకి నచ్చుతానా అని మాత్రం ఆలోచించలేదు. ఎడతెగని తడికి గులాబీ ఆకుల మీద నల్లమచ్చలు వస్తాయి. మచ్చ పడిన ఆకుని వెంటనే తుంచాలి, రాలిన ఆకుని ఏరాలి, కొమ్మల మధ్య గాలి ఆడేలా కత్తిరించాలి. అంటే రోజూ పొద్దున్నే పది నిమిషాలు, ఒక్కరోజు కూడా తప్పకుండా. నాది అలాంటి స్వభావం కాదు. ఆదివారం ఏకధాటిగా ఆరు గంటలు మట్టి తవ్వమంటే తవ్వుతాను, రోజూ పది నిమిషాలంటే నాలుగో రోజుకి మర్చిపోతాను. మూడో ఏడు మార్చి నాటికి మూడు మొక్కలు మిగిలాయి. చెంబు చేతిలో ఉన్నా వాటి దగ్గరికి వెళ్లబుద్ధి కాలేదు, అపరాధ భావంతో వాటివైపు చూడటమే మానేశాను.

అందుకే తోట గురించి నన్ను ఎవరడిగినా "మీకు ఏ పూలిష్టం?" అని ముందుగా అడగను. పూలన్నీ అందరికీ ఇష్టమే. మీ చేతి పని తీరు ఎలాంటిదని అడుగుతాను. రోజూ కొంచెం చేసే మనిషా, వారానికోసారి విరుచుకుపడే మనిషా? ఆ తర్వాత, వాడిపోయిన మొక్కని చూస్తే ఎక్కువ బాధ పడతారా, చిందరవందరగా ఉన్న పెరటిని చూస్తేనా? వింతగా ఉంటుంది గానీ, ఈ రెండు బాధలూ ఒకే మనిషిలో సమానంగా ఉండటం నేను చూడలేదు. చివరగా, మీ తోట ఎవరి కోసం? ఇంట్లోవాళ్ల కంచంలోకా, వీధిలో పోయేవాళ్ల కంటికా, దేవుడి గదిలోకా, లేక వదిలొచ్చిన ఊరి కోసమా? ఈ జవాబులు పుస్తకం చివరి తెల్లకాగితం మీద రాసిపెట్టుకోండి. ఎవరికీ చూపించనక్కర్లేదు, కాబట్టి నిజమే రాయండి.

ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. అది స్వభావం కాదు, సూర్యుడు. మనం మెయిన్‌ల్యాండ్ గడియారంతో బతుకుతున్నాం గానీ, సూర్యుడు ఇక్కడ చాలా ముందు లేస్తాడు. జూన్‌లో ఐదింటికే తెల్లారిపోతుంది. నవంబరు, డిసెంబరుల్లో సాయంత్రం ఐదింటికే పొద్దు గుంకుతుంది. విశాఖలోనో రాజమండ్రిలోనో ఆఫీసు నుంచి వచ్చి, టీ తాగి, మొక్కలకి నీళ్లు పోసుకునే అలవాటున్న వాళ్లకి ఇక్కడ ఆ సాయంత్రం లేదు. మీరు పొద్దున్నే లేచే మనిషి కాకపోతే, మీ తోట వారానికి ఒకటి రెండు రోజులే మీకు దొరుకుతుందని ఒప్పుకోండి. ఆ లెక్క ముందే వేసుకుంటే చాలా మొక్కల ప్రాణాలు దక్కుతాయి.

రోజూ కొంచెం కొంచెం చేస్తూ, పదిమందికి పెట్టడంలో సంతోషం వెతుక్కునే వాళ్లకి కూరగాయల పెరడే సరైనది. అందులో నాకు సందేహం లేదు. తోటకూర, గోంగూర, బచ్చలి, ఒక మునగ చెట్టు, పందిరి మీద బీర, పొట్ల, కాకర. వీటితో పాటు మన ఊళ్లలో అంతగా కనిపించని ఆకు ఒకటి ఇక్కడ ఉంది, బర్మా ధనియా. పొడవాటి రంపపు అంచు ఆకు, వాసన కొత్తిమీరదే, ఇంకా ఘాటు. మనకి తెలిసిన కొత్తిమీర ఇక్కడి వానకి కుళ్లిపోతుంటే ఇది నీడలో కూడా దిట్టంగా పెరుగుతుంది. గారచర్మలో పరిశోధన క్షేత్రం ఉన్న సియారి, అంటే 1978లో మొదలైన ఇక్కడి కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ, దీనిలో మెరుగైన రకాన్ని కూడా విడుదల చేసింది. పూలకాడ పైకి లేవగానే తుంచేస్తూ ఉండండి, ఆకు వస్తూనే ఉంటుంది. రసంలో, చేపల పులుసులో ఒక్క ఆకు చాలు. రోజూ తుంచే చెయ్యి, రోజూ చూసే కన్ను ఉన్నవాళ్లకి ఇది చేసే మేలు ఇంతా అంతా కాదు.

అయితే కూరగాయల పెరడు పెట్టుకునే ముందు నత్త సంగతి తెలియాలి. గుప్పెడంత ఉండే ఆఫ్రికా నత్త ఈ దీవుల సొంతం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి 1945 దాకా జపాన్ సైన్యం ఇక్కడున్న రోజుల్లో వచ్చింది. సైన్యం పోయినా అది పోలేదు. వానాకాలం రాత్రి ఒక్కపూటలో నారుమడి మొత్తం మాయం చేస్తుంది. బూడిద చల్లితే పొడిగా ఉన్నంతసేపే ఆగుతుంది, వాన పడితే మళ్లీ మొదటికే. చీకటి పడ్డాక టార్చిలైటు పట్టుకుని, చేతికి తొడుగు వేసుకుని ఏరి, ఉప్పునీళ్ల బకెట్లో వేయడం ఒక్కటే నమ్మకమైన మార్గం. ఉత్త చేతులతో ముట్టుకోవద్దు, మెదడు పొరలకి జబ్బు తెచ్చే పురుగులు దానిలో ఉండొచ్చు. పచ్చిగా తినే ఆకులు బాగా కడిగి తినండి. మట్టిలో బఠాణీ గింజల్లాంటి లేత పసుపు గుడ్ల కుప్ప కనిపిస్తే చిదిమేయండి. ఈ పని తలుచుకుంటేనే మీకు వికారం పుడితే, ఆ మాట మీకు మీరే ఒప్పుకుని ఆకుకూరల్ని అరుగు మీద కుండీల్లోకి ఎక్కించండి. తోట కోసం స్వభావాన్ని వంచుకోవడం ఒక వానాకాలం నడుస్తుంది, రెండోది నడవదు.

చిందరవందర చూడలేని వాళ్లకి ఇక్కడ పెద్ద తోట హింస పెడుతుంది. వానాకాలంలో కంచె మొక్కని శనివారం కత్తిరిస్తే మళ్లీ శనివారానికి జడలు కడుతుంది. అలాంటివారు చిన్నగా పెట్టుకోండి. మెట్లకి రెండు పక్కలా కుండీలు, ఒకే రకం, ఒకే రంగు. నూరువరహాలు దీనికి నూటికి నూరుపాళ్లు సరిపోతుంది. దానికి పుల్లమట్టి ఇష్టం, ఇక్కడి ఎర్రమట్టి ఎక్కువగా పులుపే. చెయ్యి పట్టినంత మేరకే తోట పెట్టాలన్నది నాకు రాస్ ద్వీపంలో బోధపడింది. దాన్నే ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అంటున్నాం. బ్రిటిష్ అధికారులు అక్కడ బంగళాలు, తోటలు, పచ్చికలు తీర్చిదిద్దుకున్నారు. ఆ పనంతా చేసింది ఖైదీల చేతులు. 1941 భూకంపం, మరుసటి ఏడు జపాన్ ఆక్రమణ వచ్చాక ఆ చేతులు లేకుండా పోయాయి. ఇవాళ వెళ్లి చూడండి, గోడల్ని మర్రి జాతి వేళ్లు పట్టుకుని ఉన్నాయి, ఏది తోటో ఏది అడవో తెలియదు. ఇతరుల చెమటతో నిలబడిన అందం ఎంతకాలమో ఆ వేళ్లని చూసినప్పుడల్లా నాకు తోస్తుంది. మీ ఇంట్లో పనిమనిషి సెలవు పెట్టిన నెలలో కూడా నిలిచే తోటే పెట్టుకోండి.

ఇక నాలాంటి వాళ్ల సంగతి. రోజూ చెయ్యలేం, చేస్తే మాత్రం ఒళ్లు దాచుకోం. మనకి నీడ తోట. ఒక అరటి గుబురు, దాని కింద ఆంథూరియం, చెట్టు మొదలుకి కొబ్బరి పీచుతో కట్టిన ఆర్కిడ్, రాళ్ల మధ్య ఫెర్న్‌లు. నూటికి పైగా రకాల ఆర్కిడ్‌లు ఈ దీవుల అడవుల్లో ఉన్నాయి, కానీ అడవిలోంచి పీకి తేవద్దు, నర్సరీలో పెంచినవే కొనుక్కోండి. మర్రి, మామిడి కొమ్మల మీద సొంతంగా పెరిగే ఒక ఫెర్న్ ఉంటుంది, ఓక్ ఆకులాంటి గోధుమరంగు రేకులు కింద, పొడవాటి పచ్చ ఆకులు పైన. ఎండాకాలంలో దాని పచ్చ ఆకులు ఎండి రాలిపోతాయి. చచ్చిపోయిందనుకుంటాం. తొలి వానలకి మళ్లీ లేస్తుంది. వేసవి సెలవులకి ఓడెక్కి వైజాగ్‌కో చెన్నైకో వెళ్లిపోయే కుటుంబాలకి ఇంతకన్నా ఓర్పున్న మొక్క లేదు. మీరు లేని నెలల్లో అదీ పడుకునే ఉంటుంది.

ఊరి కోసం తోట పెట్టుకునే వాళ్లని చివరికి ఉంచాను. మాలో వాళ్లే ఎక్కువ మంది కాబట్టి వాళ్ల గురించే ఎక్కువ చెప్పాలి. 2011 జనగణనలో ఈ దీవుల జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. చేపల వేటకి వచ్చినవాళ్లు, కూలికి వచ్చినవాళ్లు, ఉద్యోగాలకి వచ్చినవాళ్లు. జంగ్లీఘాట్ వైపు వెళ్తే ఉత్తరాంధ్ర యాస చెవిన పడకుండా పది అడుగులు వెయ్యలేం. ఓడ దిగిన ఆడవాళ్ల కొంగుముడిలో డబ్బులతో పాటు గోంగూర గింజలు కూడా ఉంటాయి. ఇలాంటి వాళ్లకి తోటంటే మల్లె, బంతి, చామంతి, తులసికోట. వాళ్ల మార్చి చెంబు ముందు మల్లెపాదు దగ్గరికే వెళ్తుంది, ఆ తర్వాతే కరివేపాకుకి.

వీళ్లకి నేను చెప్పేది ఒక్కటే: మొక్కని తెచ్చుకోండి, పంచాంగాన్ని మాత్రం ఇక్కడిదే వాడండి. మన ఊళ్లో మల్లెకి నీళ్లు మానేసి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించే అదను వేరు. ఇక్కడ డిసెంబరు దాకా వాన వదలదు. తడి మట్టిలో ఉన్నంతకాలం మల్లె ఆకు వేస్తుందే గానీ మొగ్గ వెయ్యదు. జనవరిలో మట్టి ఆరాక కత్తిరించి, ఆకు దూసి, పాదుని రెండు మూడు వారాలు ఎండగట్టండి. తర్వాత గెత్తం వేసి నీళ్లు మొదలుపెట్టండి. నీళ్ల ఎద్దడి మల్లెకి శత్రువు కాదు, దాని పూతకి అదే అదను. ఈ ఊళ్లో మార్చిని మెచ్చుకునే పూలమొక్క అదొక్కటే అని మా అప్ప అంటుంది. నిజమో కాదో గానీ, ఆవిడ పాదు దగ్గర నిలబడితే నమ్మాలనిపిస్తుంది.

బంతికి అక్టోబరు చివర, వాన నేరుగా తగలని అరుగు మీద నారు పోయండి. సంక్రాంతికి గుమ్మానికి దండ కట్టుకోవచ్చు. తులసికి కోట ఎత్తుగా కట్టి, అడుగున నీళ్లు పోయే దారి విడవండి. చూరు నీళ్లు దాని మీద పడకూడదు. ఇక్కడ తులసి ఎండకి పోదు, నీరు నిలిచి వేరు కుళ్లి పోతుంది. ఇంకొక్క మాట, కాస్త గట్టిగానే చెప్పాలి. ఊరి మట్టి మీద ప్రేమతో మొక్కని మట్టిగడ్డతో సహా తేవద్దు. గింజ తెండి, శుభ్రం చేసిన కొమ్మ తెండి. మట్టితో పాటు కంటికి కనిపించని పురుగులు, గుడ్లు, తెగుళ్లు వస్తాయి. బయటినుంచి వచ్చిన ఒక్క నత్త 80 ఏళ్లు దాటినా మన నారుమళ్లని ఎలా మేస్తోందో చూస్తూనే ఉన్నాం. ఆప్యాయత కొద్దీ ఇంకొకటి తెచ్చిపెట్టిన వాళ్లం కాకూడదు.

ఒకే ఇంట్లో ఇద్దరివి రెండు స్వభావాలైతే? సాధారణంగా అలాగే ఉంటుంది. భర్తకి వరసలు కావాలి, భార్యకి పందిరి కావాలి. మధ్యేమార్గం వెతక్కండి, దానివల్ల ఇద్దరికీ తమది కాని తోట మిగులుతుంది. స్థలాన్ని పంచుకోండి. మెట్లు ఆయనవి, వెనక పెరడు ఆవిడది. ఒకరి భాగంలో మరొకరు సలహా చెప్పకూడదు, అడిగితే తప్ప.

ఏ స్వభావానికైనా ఇక్కడ తప్పనివి కొన్ని ఉన్నాయి. ఊరంతా ఎగుడుదిగుడు, పెరడు ఏదో ఒక పక్కకి వాలి ఉంటుంది. ఒట్టి నేలని వానకి వదిలితే పై మట్టి అంతా కాలువలోకి పోతుంది. వాలుకి అడ్డంగా నిమ్మగడ్డి వరసలు వేయండి, లేదా కొబ్బరి దుంగలు పరిచి మెట్లు కట్టండి. కొబ్బరి డిప్పల పీచుని పారేయొద్దు. పాదు చుట్టూ గోతిలో పరిచి మట్టి కప్పితే తడి పట్టి ఉంచుతుంది. మార్చిలో ఒక చెంబు నీళ్లు రెండు చెంబుల పని చేస్తాయి. నీళ్లు పట్టిన డ్రమ్ముకి పాతచీర ముక్క బిగించి కట్టండి, కుండీల కింద పళ్లేల్లో నీళ్లు నిలవనివ్వకండి. డెంగీ దోమ పుట్టేది ఆ శుభ్రమైన నీటిలోనే.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. మీకు నచ్చినవన్నీ ఒకేసారి కొనకుండా, నవంబరులో ఐదు కుండీలు మాత్రం పెట్టండి: ఒక ఆకుకూర, ఒక నూరువరహాలు, ఒక ఫెర్న్, ఒక మల్లె, ఒకటి మీ ఇష్టం. మార్చి మొదటి రోజు నుంచి పదిహేను రోజులు, ముందుగా ఏ కుండీకి నీళ్లు పోశారో క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. ఏది మర్చిపోయారో అది కూడా. ఆలోచించి పోయకండి, చెయ్యి ఎటు వెళ్తే అటు పోయండి. పదహారో రోజు ఆ గుర్తులు లెక్కపెడితే, నేను ఇన్ని పేజీల్లో చెప్పిన దానికన్నా స్పష్టంగా మీ స్వభావం కనిపిస్తుంది. చెయ్యి వెళ్లని కుండీని పక్కింటి వాళ్లకి ఇచ్చేయండి, వాళ్ల చెయ్యి వెళ్తుందేమో.

తర్వాత మే నెల దాకా ఆగండి. తొలి వాన పడిన రాత్రే పరుగెత్తి నాటకండి, అది పైమట్టిని మాత్రమే తడుపుతుంది. మూడు నాలుగు వానలు పడి, వేలు గుచ్చితే లోపలి దాకా తడి తగిలాక మొదలుపెట్టండి. ఎన్ని పాదులు? మార్చిలో ఇంటి పనులన్నీ పోగా, కుళాయి వచ్చిన రోజు మీకు మిగిలిన నీళ్లు ఎన్ని చెంబులో అన్ని. మాకు పద్నాలుగు మిగిలాయి, పద్నాలుగే వేశాం.